ఆ రాత్రి హాల్లో మీ అబ్బాయి విన్న మాట

ఈసారి ఉత్తరం టెక్సస్ నుంచి వచ్చింది. రాసినాయనది నరసరావుపేట దగ్గర ఒక పల్లెటూరు. అమెరికా వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, పదహారేళ్ళ కొడుకు, పదకొండేళ్ళ కూతురు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరంలో సగం అమెరికన్ ఫుట్‌బాల్ గురించే ఉంది కాబట్టి, ఆ ఆట తెలియనివారి కోసం అక్కడక్కడా రెండు మాటలు నేనే కలుపుతున్నాను.

ఆయన డాలస్ కౌబాయ్స్ జట్టుకు వీరాభిమాని. ఆ జట్టు ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్నది వాళ్ళ ఊళ్ళోనే. కొడుక్కి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మ్యాచ్‌లు చూపించారు. 2015 జనవరిలో గ్రీన్‌బేలో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్ చివర్లో డెజ్ బ్రయంట్ గాల్లోకి ఎగిరి ఒక బంతి పట్టాడు. ముందు క్యాచ్ అన్నారు, తర్వాత రీప్లే చూసి కాదన్నారు. కౌబాయ్స్ 26-21తో ఓడిపోయింది. ఆ రోజు తండ్రీకొడుకులు సోఫాలో పక్కపక్కన కూర్చుని ఏడ్చారట. "వాడికప్పుడు ఐదేళ్ళు. నన్ను చూసి ఏడ్చాడో, మ్యాచ్ పోయిందని ఏడ్చాడో తెలీదు" అని రాశారు.

2025 ఏప్రిల్ 24న అదే గ్రీన్‌బేలో డ్రాఫ్ట్ జరిగింది. డ్రాఫ్ట్ అంటే కాలేజీ ఆటగాళ్ళను జట్లు ఎంచుకునే కార్యక్రమం. మన ఐపీఎల్ వేలంలా డబ్బు పెట్టి పాడుకోవడం ఉండదు. 32 జట్లు వంతులవారీగా ఒక్కొక్కరిని తీసుకుంటాయి, కిందటేడు బాగా ఓడినవాళ్ళకు ముందు వంతు. అలా ఏడు రౌండ్లు. మొదటి రౌండ్‌లో పేరు వినబడటం ఆ కుర్రవాళ్ళ జీవితంలో పెద్ద పండగ. కౌబాయ్స్ అంతకు ముందు సీజన్‌లో 17 మ్యాచ్‌ల్లో ఏడే గెలిచింది కాబట్టి వాళ్ళకు 12వ పిక్, అంటే పన్నెండో వంతు, వచ్చింది.

ఆ రాత్రి వాళ్ళింటికి ఐదు కుటుంబాలు వచ్చాయి. మిర్చి బజ్జీలు, పులిహోర, బయట నుంచి తెప్పించిన బిర్యానీ. జట్టులో సీడీ ల్యాంబ్‌కి తోడుగా ఇంకో రిసీవర్, అంటే పరిగెత్తి బంతి అందుకునేవాడు, కావాలని ఈయన రెండు నెలలుగా అందరితో వాదిస్తున్నారు. అరిజోనా యూనివర్సిటీ కుర్రవాడు టెటైరోవా మెక్‌మిలన్ మీద ఆశ పెట్టుకుంటే ఎనిమిదో పిక్‌లో కరోలైనా తీసుకుపోయింది. పోనీలే, టెక్సస్ యూనివర్సిటీ మాథ్యూ గోల్డెన్ ఉన్నాడుగా అనుకున్నారు. వేదిక మీద చదివిన పేరు టైలర్ బుకర్. అలబామా యూనివర్సిటీ. గార్డ్, అంటే ముందు లైన్‌లో నిలబడి ఎదుటివాళ్ళను ఆపేవాడు.

హాలంతా ఒక్కసారి ఉసూరుమంది. ఈయన టోపీ తీసి సోఫా మీద కొట్టి, "బంతి కూడా ముట్టనివాడికి ఫస్ట్ రౌండ్ పిక్కా? దండగమారి పిక్!" అన్నారు. టీవీలో ఆ కుర్రవాడి భారీ శరీరం చూసి ఒక మిత్రుడు, "అచ్చం మనవాడే! ఇద్దరికీ అన్నం తగ్గించమని చెప్పండ్రా" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు. "అంతా సరదాకే" అని ఉత్తరంలో ఆ వాక్యం పక్కనే రాసుకున్నారు. కొడుకు ప్లేటు పట్టుకుని మేడ మీద గదిలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున చూస్తే ఇంటి వాళ్ళూ స్నేహితులూ ఉండే కౌబాయ్స్ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు.

ఆరు వారాలుగా తండ్రితో అతని మాటలు "ఆ", "ఊ", "తిన్నాను" వరకే. మే 7న కౌబాయ్స్ పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్ అనే రిసీవర్‌ని తెచ్చుకుంది. ఈయన సంబరంగా మెట్లెక్కి వెళ్ళి చెబితే, కొడుకు ఫోన్లోంచి తలెత్తకుండా "వాళ్ళకి మంచిదే" అన్నాడట. మనకి అనలేదు, వాళ్ళకి అన్నాడు. ఆ తేడా ఈయన పట్టుకున్నారు, ఉత్తరంలో ఆ మాట కింద గీత కూడా గీశారు.

పోయిన వారం అబ్బాయి తల్లితో వచ్చే సీజన్ నుంచి స్కూల్లో ఫుట్‌బాల్ ఆడనని చెప్పాడు. చదువు దెబ్బతింటుందని, దెబ్బలు తగులుతాయని ఈయనకు మొదటి నుంచీ కొడుకు ఆ ఆట ఆడటం ఇష్టం లేదు. కోరుకున్నదే జరుగుతున్నా మనసుకి ఎందుకో బాగాలేదంటున్నారు. భార్యని అడిగితే "మీకు నిజంగా తెలియదా?" అని వంటగదిలోకి వెళ్ళిపోయిందట. ఈయన అడిగినవి రెండే: ఎవడో ఒక ఆటగాడి గురించి అభిప్రాయం తేడా వస్తే కొడుక్కి ఇంత పట్టుదల ఏమిటి? ఆడనంటున్నాడు కదా, సరే అనేయనా?

మూడో పేజీలో, వేరే విషయం మధ్యలో, ఈ వాక్యం ఉంది: "మావాడు కూడా స్కూల్లో జూనియర్ వర్సిటీకి (అంటే స్కూలు రెండో జట్టుకి) ఆడతాడు, లెఫ్ట్ గార్డ్ అట. వాడి మ్యాచ్‌లు రెండే చూశాను, ఆ గుంపులో వాడెక్కడున్నాడో కనబడడు."

—

అయ్యా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నేనూ మీలాగే ఇదంతా పిక్కు గురించే అనుకున్నాను. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను.

మీ అబ్బాయి ఆడేది గార్డ్. ఆ రాత్రి మీ జట్టు తీసుకున్నది గార్డ్‌ని. టీవీలో ఆ పేరు వినగానే మీకు కలిగింది నిరాశ. అతనికి ఏం కలిగి ఉంటుందో ఒక్క నిమిషం ఊహించండి. దేశమంతా చూస్తుండగా, తను ఆడే పొజిషన్ ఆడేవాణ్ణి, తనలాంటి ఒళ్ళున్నవాణ్ణి, తన జట్టు మొదటి రౌండ్‌లో పిలిచింది. ఆ క్షణంలో అతను బహుశా మీ మొహం వంక చూసి ఉంటాడు. అప్పుడే మీ నోటి నుంచి "బంతి కూడా ముట్టనివాడికా" అన్న మాట వచ్చింది. మీరన్నది ఎక్కడో ఉన్న టైలర్ బుకర్ని. విన్నది ఎదురుగా ఉన్న మీ అబ్బాయి.

దాని మీద మీ మిత్రుడి మాట. "అచ్చం మనవాడే" అన్నప్పుడు అక్కడున్న ఐదు కుటుంబాలూ మీ అబ్బాయి ఒంటి వంక చూసి ఉంటాయి. పదహారేళ్ళ పిల్లవాడికి పదిమందిలో తన శరీరం మీద పడే నవ్వు ఎలా ఉంటుందో మనందరికీ ఏదో ఒక వయసులో తెలిసిందే. మన ఇళ్ళల్లో ఇది మరీ మామూలైపోయింది. సన్నగా ఉంటే గాలికి ఎగిరిపోతావంటాం, లావుగా ఉంటే తిండి తగ్గించమంటాం, అదంతా ప్రేమే అనుకుంటాం. కానీ ఈ పిల్లవాడు తింటున్నది ఆ పొజిషన్‌కి కావలసిన బరువు కోసం. కోచ్ పెరగమంటాడు, ఇంటికొచ్చిన అంకుల్ తగ్గమంటాడు. ఆ అంకుల్ మాటకు తండ్రి నవ్వాడు. నా ఉద్దేశంలో మీ అబ్బాయికి టోపీ విసరడం కంటే ఎక్కువగా గుర్తుండేది ఆ నవ్వు.

మీరు చెడ్డ తండ్రి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. చెడ్డ తండ్రి అయితే "వాళ్ళకి" అన్న మాట కింద గీత గీయడు. మీకు ఎక్కడో తెలుసు. తెలియకపోతే మనసు అలా కొట్టుకోదు.

ఆ పిక్కు సంగతి కూడా మాట్లాడుకుందాం, ఎందుకంటే అది మాట్లాడకుండా మీ అబ్బాయితో మీరు మాట్లాడలేరు. బుకర్ ఎలా ఆడతాడో ఆ రాత్రి ఎవరికీ తెలియదు. కానీ మీ జట్టు చరిత్రలో ఈ కథ ఇంతకు ముందూ జరిగింది. 2013లో విస్కాన్సిన్ నుంచి ట్రావిస్ ఫ్రెడరిక్ అనే సెంటర్‌ని, అంటే లైన్ మధ్యలో గార్డ్ పక్కన ఉండేవాణ్ణి, 31వ పిక్‌లో తీసుకున్నప్పుడు, అంత ముందు తీసుకోవాల్సినవాడు కాదని నవ్వారు. అతను ఐదుసార్లు ప్రో బౌల్‌కి, అంటే ఆ సీజన్ మేటి ఆటగాళ్ళ జాబితాకి, ఎంపికయ్యాడు. మరుసటి ఏడు ఊరంతా జానీ మంజీల్ అని కలవరించింది. టెక్సస్ కుర్రవాడు, కాలేజీ ఆటలో పెద్ద స్టార్. జట్టు యజమాని జెర్రీ జోన్స్‌కి కూడా అతనంటే మోజు ఉండేదన్నది అందరికీ తెలిసిన సంగతే. చివరికి 16వ పిక్‌లో తీసుకున్నది నోటర్‌డామ్‌కి చెందిన జ్యాక్ మార్టిన్ని. ఆరు పిక్కుల తర్వాత క్లీవ్‌లాండ్‌కి వెళ్ళిన మంజీల్ ఆ లీగ్‌లో రెండు సీజన్లు ఆడాడు. మార్టిన్ పదకొండు సీజన్లు ఒకే జట్టుకి, తొమ్మిదిసార్లు ప్రో బౌల్. అతను ఆడిందీ గార్డే. 2025లో అతను రిటైరైతే, ఆ ఖాళీలోకే బుకర్ని తెచ్చారు.

అభిమానులు ఎప్పుడూ పొరబడతారని నేననను. 2017లో 28వ పిక్‌లో టాకో చార్ల్‌టన్‌ని తీసుకుని టీజే వాట్‌ని వదిలేశారు. రెండు పిక్కుల తర్వాత పిట్స్‌బర్గ్ వాట్‌ని పట్టుకుపోయింది. అప్పుడు వాట్ కావాలని గోల పెట్టినవాళ్ళదే సరైన మాటయింది. కాబట్టి గోల్డెన్‌ని తీసుకోవాల్సిందని వాదించడంలో తప్పేమీ లేదు. రిసీవర్ విలువ ఎక్కువా గార్డ్ విలువ ఎక్కువా అన్నది వాదించదగ్గ విషయమే, మీ అబ్బాయితో మీరు గంటల తరబడి వాదించవలసిన విషయం. మీరు "గార్డ్ కంటే మనకి రిసీవర్ అవసరం ఎక్కువ" అని ఉంటే ఈ ఉత్తరం వచ్చేది కాదు. మీరన్నది "దండగ" అని.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది ఏమీ చేయకపోవడం. పిల్లలు, వాళ్ళే మర్చిపోతారు, కాలమే సర్దుతుంది అనుకోవడం. చాలామంది నాన్నలు ఇదే చేస్తారు, మన నాన్నలూ ఇదే చేశారు. కొన్నాళ్ళకి మాటలు మొదలవుతాయి కూడా. అన్నం దగ్గర "ఆ", "ఊ" కాస్తా వాక్యాలవుతాయి. మీరు సర్దుకుందనుకుంటారు. కానీ అతను ఒకటి నేర్చుకుని ఉంటాడు: తనకి బాగా ఇష్టమైనదాన్ని నాన్న ఉన్న గదిలోకి తేకూడదని. ఇప్పుడు ఫుట్‌బాల్. రేపు ఏ కోర్సు చదవాలన్నది, ఎల్లుండి ఎవరిని ఇష్టపడ్డాడన్నది. ఇంకో చిక్కు, ఆగస్టులో టీమ్ ప్రాక్టీసులు మొదలవుతాయి. మీరు మాట్లాడకుండా ఉంటే ఆడాలా వద్దా అన్నది ఎవరూ ఆలోచించకుండానే తేలిపోతుంది.

రెండోది మీ భార్య ద్వారా రాయబారం. "నాన్న ఏదో అనేశారు, మనసులో పెట్టుకోకు" అని ఆవిడ చెప్పడం. ఆవిడ ఇప్పటికే చెప్పి ఉంటారు, ఆరు వారాలుగా మీ ఇద్దరి మధ్యా నడిచిపోతున్నది ఆవిడే. "మీకు నిజంగా తెలియదా" అన్న ప్రశ్నలో నాకు కోపం కంటే అలసట ఎక్కువ వినిపించింది. ఈ పని ఆవిడకి పెట్టకండి. పెడితే మీ అబ్బాయి మీ మీద కోపం తగ్గించుకోడు, అమ్మని చూసి జాలిపడతాడు, అంతే.

మూడోది మీరే వెళ్ళి చెప్పడం. ఇది కష్టం. మన తరం మగవాళ్ళకి కొడుకు ముందు "తప్పు నాదిరా" అనడం అలవాటు లేదు, మనతో ఎవరూ అనలేదు కాబట్టి. అయినా చెప్పాలనుకుంటే, ఎలా చెప్పకూడదో ముందు చెబుతాను. "నేను నిన్ననలేదు కదా, ఆ ప్లేయర్ని అన్నాను" అనకండి. అది నిజమే, కానీ అతనికి పనికిరాని నిజం. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అనకండి, బాధ కలిగిందని మీకు తెలుసు. రిసీవర్ ఎందుకు అవసరమో అప్పుడు వివరించకండి. తలుపు దగ్గర నిలబడి ఫోను చేత్తో పట్టుకుని చెప్పకండి.

వేసవి స్ట్రెంత్ ట్రైనింగ్‌కి పొద్దున్నే అతన్ని కారులో దింపేది మీరేనని రాశారు. ఆడనని చెప్పినవాడు ట్రైనింగ్‌కి ఇంకా వెళుతూనే ఉన్నాడు, గమనించారా? ఆ కారు ప్రయాణమే మంచి చోటు. పక్కపక్కన కూర్చుంటారు, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు, పది నిమిషాల్లో స్కూలు వచ్చేస్తుంది కాబట్టి ఇద్దరికీ తప్పించుకునే వీలూ ఉంటుంది. మూడే మాటలు. నువ్వు ఆడే పొజిషన్‌ని నీ ముందే దండగన్నాను, అది తప్పు. అంకుల్ నీ ఒంటి గురించి జోక్ వేస్తే నవ్వాను, అది ఇంకా పెద్ద తప్పు. నీ ఆట నాకు అర్థం కాక చూడలేదు, అంతే గానీ అది చిన్నదని కాదు. ఇంగ్లీషులో చెప్పినా, తెలుగులో చెప్పినా, మీరిద్దరూ రోజూ మాట్లాడుకునే భాషలోనే చెప్పండి. చెప్పాక జవాబు కోసం ఎదురు చూడకండి. "ఇట్స్ ఓకే" అని దిగిపోతాడు. లేదా ఏమీ అనడు. ఇది మందు వేస్తే గంటలో తగ్గే జ్వరం కాదు. ఆరు వారాలు బిగుసుకున్నది ఒక పొద్దుటికి వదలదు. ఒక్కోసారి ఎదురు తిరగవచ్చు కూడా, "ఇన్ని రోజులూ ఏం చేశావు" అనవచ్చు. అంటే సంతోషించండి, మాటలొచ్చాయి.

మీ మిత్రుడి సంగతి ఏం చేయాలో మీ ఇష్టం. ఫోన్ చేసి "మావాడి ఒంటి మీద జోకులొద్దురా" అనడానికి అర నిమిషం పడుతుంది. అతను కొంచెం నొచ్చుకోవచ్చు, సాయంత్రానికి మర్చిపోతాడు. చెప్పకపోతే వచ్చే పండక్కో పుట్టినరోజుకో మళ్ళీ అదే జోకు వస్తుంది, అప్పుడు మీ అబ్బాయి మళ్ళీ మీ మొహమే చూస్తాడు. నేనైతే చెబుతాను.

ఇక ఆడనన్న విషయం. ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మీరు కోరుకున్నది మీకు దొరుకుతోంది. తలకు తగిలే దెబ్బల గురించి మీ భయం ఉత్తది కాదు. లైన్‌లో నిలబడేవాళ్ళు ప్రతి ప్లేలోనూ, అంటే బంతి కదిలిన ప్రతిసారీ, ఎదుటివాణ్ణి ఢీకొంటారు. పెద్ద దెబ్బ ఒక్కటీ తగలకపోయినా, చిన్న చిన్నవే ఏళ్ళ తరబడి పోగైతే మెదడుకి హాని జరగవచ్చని డాక్టర్లు చెబుతున్నారు. ఇది ఏ తండ్రి అయినా మాట్లాడవలసిన విషయం. చదువు గురించి మాత్రం అంత కంగారు అక్కర్లేదు. టెక్సస్‌లో ఏ సబ్జెక్టులోనైనా ఫెయిలైతే మ్యాచ్‌లు ఆడనివ్వకూడదన్న నిబంధన 1980ల నుంచీ ఉంది. మీ వాడి మార్కులు బాగున్నాయని మీరే రాశారు.

సరే అనేస్తే ఏమవుతుంది? మీకు ఒక టెన్షన్ తగ్గుతుంది, సాయంత్రాలు ఇంట్లో ఉంటాడు. కానీ అతను ఆట మానేసేది దెబ్బలకి భయపడి కాదు, చదువు కోసమూ కాదు, మీ మాట వల్ల. అలా మానేసిన ఆట మనిషిని అంత తేలిగ్గా వదలదు. ముప్పై ఏళ్ళ వయసులో ఎక్కడో స్నేహితుల మధ్య "మా నాన్నకి ఇష్టం లేక మానేశాను" అంటాడు. అప్పుడు మీరు దెబ్బల గురించి చెప్పిన న్యాయమైన మాట కూడా ఆ దండగ అన్న మాట కిందే పడిపోతుంది.

పట్టుబట్టి ఆడమంటే? అదీ మంచిది కాదు. నిన్నటిదాకా వద్దన్న నాన్న ఇవాళ ఆడమంటే అది పశ్చాత్తాపంలా వినిపిస్తుంది. మీ పశ్చాత్తాపం తీరడానికి అతను దెబ్బలు తినకూడదు.

మధ్యలో ఒక దారి ఉంది. నిర్ణయాన్ని జులై చివరి దాకా వాయిదా వేయమని అడగండి. "ఆడతావా లేదా అన్నది నీ ఇష్టం, కానీ నేనన్న మాట వల్ల మాత్రం మానొద్దు. నెల రోజులు ఆగి చూడు" అనండి. దెబ్బల భయం వేరుగా, ఇంకో రోజు, తల్లి కూడా ఉన్నప్పుడు చెప్పండి. డాక్టర్ దగ్గరికి ముగ్గురూ వెళ్ళండి. కోచ్‌ని కలిసి ప్రాక్టీసులో ఢీకొనడాలు ఎంత తగ్గించారో అడగండి. ఇవన్నీ విన్నాక అతను మానేస్తానంటే ఆ మాట అతనిది. ఆడతానన్నా అతనిదే, అప్పుడు మీరు భయంతోనే అయినా స్టాండ్స్‌లో కూర్చోవాలి.

కూర్చున్నప్పుడు ఏం చూడాలో కూడా చెబుతాను. "ఆ గుంపులో కనబడడు" అన్నారు కదా. మీరు బంతి వెంట పోతున్నారు, అందుకే కనబడడు. బంతి వదిలేయండి. మధ్యలో వంగి బంతి పట్టుకున్నవాడు సెంటర్, అతని ఎడమ పక్క మొదటివాడు మీ అబ్బాయి. బంతి కదిలిన క్షణం నుంచి విజిల్ దాకా అతని ఒక్కణ్ణే చూడండి. ఎదురుగా తనంతవాడు మీద పడుతుంటే ఒక్క అడుగు వెనక్కి వేసి, చేతులు ఛాతీ మీద పెట్టి ఆపుతాడు. కొన్ని ప్లేలలో తన చోటు వదిలి లైన్ వెనకగా పరిగెత్తి అవతలి వైపు వెళ్ళి, బంతి మోసేవాడికి దారి చేస్తాడు. దాన్ని పుల్ అంటారు. ఆ దారిలోంచి వెళ్ళి టచ్‌డౌన్ చేసినవాడి పేరు మైకులో వినబడుతుంది. దారి చేసినవాడి పేరు వినబడదు. పొరపాటున ఎదుటివాడి చొక్కా పట్టుకుంటే మాత్రం అతని నంబరు గట్టిగా చదువుతారు. తప్పు చేసినప్పుడే పిలుపు వినబడే పని అది. అలాంటి పనిని మీ అబ్బాయి పదహారేళ్ళకే ఎంచుకున్నాడు, దాన్ని తక్కువగా చూడకండి.

మీరు హైస్కూల్లో కబడ్డీ ఆడేవాడినని రాశారు. కూతకి వెళ్ళేవారో, ఇటువైపు గొలుసు కట్టి కాచుకునేవారో రాయలేదు. కూతకి వెళ్ళినవాడి పేరే ఊళ్ళో మారుమోగేది, అది నిజం. కానీ వచ్చినవాడి కాలు మొదట దొరకబుచ్చుకుని, మిగతావాళ్ళు మీద పడేదాకా మట్టిలో ఈడ్చుకుపోతున్నా వదలనివాడు ఒకడుండేవాడు కదా, మీ జట్టులో కూడా. మోచేతులు చెక్కుకుపోయి ఇంటికెళ్ళేవాడు. వాడి గురించి మీ అబ్బాయికి ఎప్పుడైనా చెప్పారా? మీ వాడు వేళ్ళకి టేపు చుట్టుకుని, ముంజేతుల మీద కమిలిన మచ్చలతో ఇంటికొస్తాడని మీరే రాశారు. ఆ టేపు విప్పేటప్పుడు పక్కన కూర్చుని, ఇది ఎలా తగిలిందని అడగండి. జాగ్రత్తలు చెప్పకండి, కథ వినండి.

వాట్సాప్ గ్రూపులోకి అతన్ని మీరు చేర్చకండి. చేర్చమని అతను అడిగితే చేర్చండి. వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ డ్రాఫ్ట్ వస్తుంది. అప్పుడు ఐదు కుటుంబాల్నీ పిలవాలా, ఇంట్లోవాళ్ళే చూడాలా అన్నది ఈసారి అతన్ని అడిగి చేయండి. పిలిస్తే మీరు రిసీవర్ కోసం అరవండి, ఎవరూ వద్దనరు. వేదిక మీద నిలబడేది ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ పిల్లలు, ఏ పేరు వినబడినా అది ఏదో ఒక ఇంట్లో పండగ అన్నది మాత్రం గుర్తుంచుకుని అరవండి. 1999లో ఫిలడెల్ఫియా అభిమానులు బస్సు కట్టుకుని న్యూయార్క్ వెళ్ళి, తమ జట్టే పిలిచిన డోనవన్ మెక్‌నాబ్‌ని అతని ముందే వెక్కిరించారు. అతను ఆ జట్టుని సూపర్ బౌల్, అంటే ఫైనల్, దాకా తీసుకెళ్ళాడు. ఆ గోలను మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇంకొక్కటి. కారులో మాట్లాడాక వారం పది రోజులు ఆగి, అతని మొహం కాస్త విచ్చుకుందనిపించిన రోజున, 2015 నాటి ఆ డెజ్ బ్రయంట్ వీడియో టీవీలో పెట్టండి. మీకు రిసీవర్లంటే అంత ప్రాణం ఎందుకో నాకు ఆ పేరా చదివితేనే అర్థమైంది, అతనికీ తెలిసే ఉంటుంది. ఆ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే డిమార్కో ముర్రే ఆ సీజన్‌లో 1,845 యార్డులు పరిగెత్తి లీగ్‌లో మొదటివాడయ్యాడు, అతనికి దారి చేసింది ముందు నిలబడ్డ ఐదుగురు. ఫ్రెడరిక్ సెంటర్, పక్కనే మొదటి ఏడు ఆడుతున్న జ్యాక్ మార్టిన్. మీరు ఎప్పుడూ బంతి గాల్లోకి లేచాకే చూసి ఉంటారు. ఈసారి బంతి విసిరే రోమో చేతిలోంచి అది వెళ్ళకముందే వీడియో ఆపి, రిమోట్ మీ అబ్బాయి చేతికిచ్చి, మార్టిన్ ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో చూపించమనండి. అతను ఎన్నిసార్లు వెనక్కి తిప్పితే అన్నిసార్లు చూడండి.